మనోహర్‌పూర్ తీర్పులు, మరణశిక్ష, మన ప్రసంగములు: ఒక విమర్శ

మరణశిక్ష గూర్చి తెలుగు సంఘములలో మాట వచ్చినప్పుడు సాధారణముగా మూడు వాక్యభాగములు బయటికి వస్తాయి. శిక్ష ఉండవలెననువారు ఆదికాండము 9:6ను, రోమా 13:4ను చూపుతారు. వద్దనువారు యోహాను 8వ అధ్యాయము తెరుస్తారు. తరువాత ఎవరి వాక్యము వారు చేతపట్టుకొని ఎవరి దారిన వారు పోతారు. సెమినరీ తరగతిలో ఈ పద్ధతికి మార్కులు పడవచ్చును. అయితే హతుడు మన సంఘస్థుడే అయినప్పుడు, హంతకుని ఉరి తీయుటకు ప్రభుత్వము సిద్ధపడినప్పుడు, ఆ సంఘపు కాపరి ఏమి బోధించవలెను? ఈ వ్యాసములో మేము అడుగుచున్నది ఈ ఒక్క ప్రశ్ననే.

ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామములో, వాహనములో నిద్రించుచున్న గ్రాహమ్ స్టెయిన్స్ గారిని, ఆయన కుమారులైన పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని ఒక గుంపు సజీవదహనము చేసినది. స్టెయిన్స్ గారు 1965లో ఆస్ట్రేలియా నుండి వచ్చి, బారిపదలో కుష్ఠురోగుల మధ్య మూడు దశాబ్దములకు పైగా సేవ చేసినవారు. 2003 సెప్టెంబరులో భువనేశ్వర్‌లోని సి.బి.ఐ. న్యాయస్థానము దారాసింగ్‌కు మరణశిక్షను, మరి పన్నెండుగురికి యావజ్జీవ కారాగార శిక్షను విధించినది. 2005 మే నెలలో ఒడిశా హైకోర్టు మరణశిక్షను యావజ్జీవముగా మార్చి, ఒక్క సహనిందితుని శిక్షను మాత్రము నిలిపి, తక్కిన పదకొండుగురిని విడుదల చేసినది. ఉరిశిక్షనే తిరిగి విధించవలెనని సి.బి.ఐ. సుప్రీం కోర్టుకు వెళ్లినది. 2011 జనవరి 21న సుప్రీం కోర్టు ఆ అభ్యర్థనను త్రోసివేసి యావజ్జీవ శిక్షను ఖాయపరచినది.

ఈ పన్నెండేండ్లలో మన ప్రసంగ వేదికల మీద నుండి ఎక్కువగా వినబడినది 'మేము క్షమించాము' అను మాటయే. ఆ మాట గొప్పదే. కాని న్యాయస్థానము ముందున్న ప్రశ్నకు అది జవాబు కాదు. హంతకుని చంపుట ప్రభుత్వమునకు న్యాయమా అని దేశము అడిగితే, మనము మన హృదయస్థితిని గూర్చి చెప్పాము. క్షమాపణ వేరు, శిక్ష వేరు, శిక్షలో మరణము తగునా అనునది మరియొకటి. ఈ మూడింటిని ఒకే మూటగా కట్టినందువలన మన సాక్ష్యము బలహీనపడినదని మా అభిప్రాయము.

క్షమించినవారు ఎవరు?

గ్లాడిస్ స్టెయిన్స్ గారి క్షమాపణను ఉదాహరణగా చెప్పని తెలుగు ప్రసంగీకులు అరుదు. అయితే ఆమె చేసిన పనిని మనము చెప్పుచున్న తీరు సరిగా లేదు. భర్తను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనిన స్త్రీ తనకు జరిగిన నష్టము విషయమై పగ పట్టనని చెప్పినది. నేరమునకు చట్టరీత్యా వచ్చు ఫలితము వేరు, తన క్షమాపణ వేరు అను భేదమును కూడ ఆమె చూపినది. ఆ రెండవ మాట మన ప్రసంగములలో వినబడదు. దానిని విడిచిపెట్టి మొదటి మాటను మాత్రమే తీసికొని, 'కాబట్టి క్రైస్తవులు శిక్ష కోరరు' అని ముగించుట ఆమె చెప్పనిది ఆమె నోట పెట్టుటయే.

వేదాంతపరముగా కూడ ఇక్కడ జాగ్రత్త అవసరము. క్షమించు అధికారము నష్టపోయినవానిది. భార్య తన దుఃఖము విషయమై క్షమించగలదు. కాలిపోయిన పిల్లల పక్షమున ఎవరు క్షమించగలరు? హేబెలు రక్తము నేలలో నుండి మొఱపెట్టినది దేవునికే గాని ఆదాము హవ్వలకు కాదు. ఇక ప్రభుత్వమునకు క్షమించు హృదయము అనునది లేదు. దానికి న్యాయము, అన్యాయము, కనికరము అనునవి ఉండవచ్చును. రాజ్యాంగము 72వ, 161వ అధికరణముల క్రింద రాష్ట్రపతి, గవర్నరు చేయు శిక్ష తగ్గింపును మనము 'క్షమాభిక్ష' అని పిలుచుట వలన ఈ గందరగోళము ఇంకను పెరిగినదనిపిస్తుంది.

ఈ భేదము పుస్తకములకు పరిమితమైనది కాదనుటకు మన మధ్యనే నిదర్శనమున్నది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, పై కులపు యువతిని వివాహమాడినందుకు ఒక దళిత క్రైస్తవ యువకుని, గర్భవతియైన భార్య కన్నులెదుటనే, ఆసుపత్రి వెలుపల నరికి చంపారు. హత్య చేయించినవాడని అభియోగము మోపబడిన యువతి తండ్రి 2020లో ఆత్మహత్య చేసికొన్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము, కూలికి కత్తి పట్టినవానికి మరణశిక్షను, మిగిలిన ఆరుగురికి యావజ్జీవ శిక్షను విధించినది. ఆ తలిదండ్రుల ఇంటికి వెళ్లు పాస్టరుగారు మొదటి సందర్శనములోనే గ్లాడిస్ గారి మాదిరిని ఎత్తితే, అది పరిచర్య కాదు, దుఃఖపడువారి మీద మోపిన మరియొక భారము. తరతరములుగా ఓర్చుకొమ్మను మాటనే వినుచు వచ్చిన ప్రజలకు క్షమించుమను మాట ఏ స్వరములో వినబడునో మన దళిత వేదాంత పండితులు చెప్పియే ఉన్నారు. కుమారుని చంపినవానికి శిక్ష పడవలెనని తండ్రి కోరుట పాపము కాదు. ఆ శిక్ష ఉరియే కావలెనా అను చర్చ, ఆ కోరికను గౌరవించిన తరువాత మొదలు కావలసినది.

కనికరమునకు చూపిన కారణము

2011 తీర్పునకు తిరిగి వద్దాము. మరణశిక్ష వద్దనువారము ఆ తీర్పును చూచి సంతోషించవలసినది. సంతోషించలేకపోయాము. మరణశిక్ష అవసరము లేదనుటకు న్యాయస్థానము చెప్పిన కారణములలో ఒకటి ఇట్లున్నది: బీద ఆదివాసులను క్రైస్తవ్యములోనికి మార్చుచున్న స్టెయిన్స్ మతకార్యములను గూర్చి ఆయనకు బుద్ధి చెప్పుట నిందితుల ఉద్దేశ్యము. ఒకరి విశ్వాసములో జోక్యము చేసికొనుట తగదని చెప్పుచు, బలప్రయోగము, ప్రేరేపణ అనువాటి సరసనే మతమార్పిడిని కూడ ఆ తీర్పు పేర్కొన్నది. క్రైస్తవ సంఘములు, పౌరసమాజపు ప్రముఖులు నిరసన తెలిపారు. నాలుగు దినములకే, జనవరి 25న, న్యాయస్థానము తనంతట తానే ఆ వాక్యములను తొలగించినది. శిక్షను పెంచకపోవుటకు నేరము జరిగి పన్నెండేండ్లు గడచుటను కారణముగా వ్రాసినది.

తీర్పు దిద్దబడినది గనుక ఆ విషయము ముగిసినదని కొందరు అంటారు. చట్టరీత్యా ముగిసినది, నిజమే. కాని తొలగించిన ఆ వాక్యము వెనుకనున్న ఆలోచన వేదాంత విద్యార్థికి మిక్కిలి ముఖ్యమైనది. చంపినవాని మీద కనికరము చూపుటకు, చనిపోయినవాని పనిలో తప్పు వెదకుట ఆ ఆలోచన. హంతకుని ప్రాణము దక్కినది గాని హతుని మీద నింద పడినది. ఆరేండ్ల తిమోతి ఎవరి మతమును మార్చినాడని ఎవరును అడుగలేదు.

పరిశుద్ధ గ్రంథములో ఇటువంటి ప్రమాదమునకు దగ్గరగా వచ్చు చోటు ఒకటి ఉన్నది. రెండవ సమూయేలు 12వ అధ్యాయములో దావీదు ఒప్పుకొనగానే, అతడు చావడని నాతాను ప్రకటిస్తాడు. మరణశిక్ష వద్దనువారు ఈ భాగమును సులువుగా వాడుకొంటారు. మేము దానిని అంత సులువుగా తీసికొనలేము. దోషి రాజు, హతుడు హిత్తీయుడైన పరదేశి, జీతమునకు కొలువు చేయు సైనికుడు. రాజు కాక ఊరియాయే దావీదును చంపించి ఉండినయెడల అతనికి నాతాను దొరికేవాడా? ఈ అనుమానము న్యాయమైనది. అయితే గ్రంథము అక్కడ ఆగలేదు. నాతాను తన మాటలలో ఊరియా పేరును, అతడు చంపబడిన విధమును దాచలేదు; ఆ ఇంటిని కత్తి విడువదని చెప్పాడు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళికి వచ్చుసరికి బత్షెబ పేరు లేదు. ఊరియా భార్యయని మాత్రమే ఉన్నది. అనగా దావీదు కుమారుడని పిలువబడు ప్రభువు జన్మపత్రికలోనే హతుని పేరు నిలిచియున్నది. కనికరము పొందిన దోషి బ్రదికినాడు, కాని హతుడు మరువబడలేదు. 2011 తీర్పు మొదటి ప్రతిలో లోపించినది ఇదియే.

మూడు వచనములను గూర్చి

ఇప్పుడు మొదట చెప్పిన వాక్యభాగములకు వద్దాము. వీటిని గూర్చి చాలా వ్రాయబడినది గనుక మేము క్లుప్తముగా చెబుతాము.

ఆదికాండము 9:6లో హీబ్రూ పదములు అద్దములో ప్రతిబింబము వలె అమరియున్నవి: చిందించుట, రక్తము, నరుడు, నరుడు, రక్తము, చిందించుట. సామెతకు ఉండు బిగువు అది. 'బా ఆదామ్' అను చోట ఉన్న విభక్తిని 'నరుని చేత' అనియైనను, 'నరునికి బదులుగా' అనియైనను చదువవచ్చును. మన తెలుగు బైబిలు మొదటి అర్థమును స్వీకరించినది. గ్రీకు సెప్టువజింతు అనువాదకులు రెండవదానికి దగ్గరగా పోయారు. క్రియ ఆజ్ఞ కావచ్చును, జరుగబోవుదానిని చెప్పుట కావచ్చును. ఇంత వెసులుబాటు ఉన్న వచనము మీద భారత శిక్షాస్మృతిని నిలబెట్టుట కష్టము. అయితే వద్దనువారికి కూడ ఈ వచనము ఊరట ఇవ్వదు. నరహత్య దేవుని స్వరూపము మీద పడిన దెబ్బయని అది చెప్పుచున్నది. హత్యను పేదరికము వలననో, ఆవేశము వలననో జరిగిన పొరపాటుగా తేల్చివేయు వాదన ఈ వచనము ఎదుట నిలువదు.

రోమా 13:4లో పౌలు వాడిన పదము 'మఖైరా'. రోమా 8:35లో విశ్వాసుల మీదికి వచ్చు శ్రమల పట్టికలో చివర నిలిచినది కూడ ఈ కత్తియే. ఒకే పత్రికలో ఒక చోట అధికారి ధరించినది, మరొక చోట పరిశుద్ధులను తెగవేయునది. మన ప్రసంగీకులు 13వ అధ్యాయమును చదువునప్పుడు 8వ అధ్యాయమును మరచిపోతారు. 12వ అధ్యాయము చివర పగతీర్చుకొనుటను దేవునికి విడువుమన్న మాటను కూడ మరచిపోతారు. పౌలు ఇక్కడ అధికారికి దండించు శక్తి ఉన్నదని ఒప్పుకొనుచున్నాడు. ఏ నేరమునకు ఏ దండన అని చెప్పుటలేదు. ఇంతవరకు మేము శిక్ష వద్దనువారి పక్షమే. అయితే అపొస్తలుల కార్యములు 25:11లో, మరణమునకు తగినది చేసియుంటే చావుకు వెనుదీయనని ఇదే పౌలు ఫేస్తు ఎదుట చెప్పాడు. ఆ మాటను దాచిపెట్టి వాదించుట నిజాయితీ కాదు. మరణశిక్ష అను వ్యవస్థనే పౌలు ఖండించాడని చూపుటకు క్రొత్త నిబంధనలో ఆధారము లేదు.

యోహాను 7:53 నుండి 8:11 వరకు ఉన్న భాగము సువార్త యొక్క ప్రాచీన పపైరస్ ప్రతులలోను, నాలుగవ శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులలోను లేదని విద్యార్థులకు తెలిసినదే. దాని ప్రామాణికతను మేము కాదనుటలేదు. కాని దానిని మరణశిక్ష రద్దు చట్టముగా చదువుట తొందరపాటు. లేవీయకాండము 20:10 ప్రకారము ఇద్దరిని తేవలసియుండగా స్త్రీనొక్కదానినే తెచ్చారు. సాక్షులే మొదటి రాయి వేయవలెనను ద్వితీయోపదేశకాండము 17:7ను యేసు వారికి గుర్తు చేశాడు. ధర్మశాస్త్రము తన షరతులతో సహా పలికినప్పుడు సాక్షులు నిలువలేకపోయారు. వాక్యము చూపుచున్న దిక్కు అది. షరతుల వైపు పోవుదము.

విమోచన ధనము లేని న్యాయము

పాత నిబంధనలో మరణశిక్ష ఉన్నది గనుక నేడు కూడ ఉండవలెనను సహోదరులు ఆ నేరముల పట్టిక మొత్తము చదువవలెనని మా మనవి. విశ్రాంతిదినమున కట్టెలు ఏరుకొన్నవాడు, తండ్రిని కొట్టినవాడు, మొండివాడైన కుమారుడు, వ్యభిచారులు, మనుష్యుని దొంగిలించి అమ్మినవాడు. వీటిలో నరహత్యను మాత్రము ఉంచుకొని తక్కినవి విడువుటకు మనకు కారణములు ఉండవచ్చును, కాని 'వ్రాయబడియున్నది' అనుట ఒక్కటే కారణము కాజాలదు.

అంతకంటె ముఖ్యమైనది సంఖ్యాకాండము 35. నరహంతకుడు చావవలెనని చెప్పిన ఆ అధ్యాయమే, ఒక్క సాక్షి మాట మీద ఎవనిని చంపరాదని చెప్పుచున్నది. ఆరు ఆశ్రయపురములను ఏర్పరచుచున్నది. హంతకుని ప్రాణమునకు విమోచన ధనము పుచ్చుకొనరాదని చెప్పుచున్నది. ఈ చివరి షరతు మీద ఒక్క ప్రసంగము కూడ మేము వినలేదు. ఇరుగుపొరుగు రాజ్యముల చట్టములలో హతుని కుటుంబము ధనము తీసికొని ఊరకుండు ఆచారము ఉండెను; అనగా ధనవంతుని ప్రాణము దక్కును, బీదవాని ప్రాణము పోవును. ధర్మశాస్త్రము దానిని నిషేధించినది. లేవీయకాండము 24:22 స్వదేశికిని పరదేశికిని ఒకే న్యాయమని చెప్పినది. అనగా మరణశిక్షకు గ్రంథము పెట్టిన షరతు సమానత్వము. ధనమును బట్టి, జాతిని బట్టి మారు మరణశిక్ష ఆ షరతును మీరినదే.

గుంటూరు జిల్లాను తీసికొందాము. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఒక్కొక్క ఏడాది జైలును విధించినది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసినది. దానిపై అప్పీలు సుప్రీం కోర్టుకు వెళ్లినది. ఇదే జిల్లాలో 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద దోపిడీకి వచ్చి బస్సునకు నిప్పు పెట్టగా 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఈ కేసులో ఇద్దరు దళిత యువకులకు 1995లో ఉరిశిక్ష పడినది. 1996 నాటికే సుప్రీం కోర్టు దానిని ఖాయపరచినది. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడ నిర్ణయమై, చివరి ఘడియలో ఆగినది. పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు పోరాడిన తరువాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవముగా మార్చారు.

రెండు నేరముల స్వభావము వేరని మాకు తెలియును. బస్సులో కాలిపోయిన 23 మంది ఎవరికిని ఏ హాని చేయనివారు. వారి బంధువులకు ఇది పోలికలు వేయవలసిన విషయము కాదు. చుండూరు నిందితులను ఉరి తీయవలసినదని కూడ మేము అనుటలేదు. మేము చూపుచున్నది ఒక్కటే: ఒక కేసులో చట్టము ఉరికంబము వరకు చేరుటకు నాలుగేండ్లు పట్టినది, మరొక దానిలో మొదటి తీర్పు వచ్చుటకే పదహారేండ్లు పట్టి, ఆ తీర్పు కూడ హైకోర్టులో నిలువలేదు. న్యాయవాదిని పెట్టుకొను శక్తి, సాక్షులను నిలుపుకొను శక్తి, సాక్షులను బెదరించు శక్తి: ఇవియే మన కాలపు విమోచన ధనము. 1980లో బచన్ సింగ్ కేసులో 'అరుదైనవాటిలో అరుదైన' సూత్రము వచ్చినప్పుడు, భిన్నాభిప్రాయము వ్రాసిన జస్టిస్ పి.ఎన్. భగవతి ఈ శిక్ష బీదల మీదనే పడుచున్నదని హెచ్చరించారు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము 2016లో ప్రచురించిన అధ్యయనములో, మరణశిక్ష పడిన ఖైదీలలో సుమారు నాలుగింట మూడు వంతులు ఆర్థికముగా బలహీనులేనని తేలినది.

ఇద్దరు సాక్షుల నియమము కూడ దానంతట అది చాలదని గ్రంథమునకు తెలియును. మొదటి రాజులు 21వ అధ్యాయములో యెజెబెలు ఆ నియమమును అక్షరాలా పాటించినది: ఉపవాసదినము చాటించి, పెద్దలను కూర్చుండబెట్టి, ఇద్దరిని నిలువబెట్టి నాబోతును రాళ్లతో కొట్టించినది. పద్ధతిలో లోపము లేదు, అబద్ధమంతయు సాక్ష్యములోనే. మన దగ్గర, 2007లో విజయవాడ సమీపమున ఒక విద్యార్థిని హత్య కేసులో ఒక దళిత యువకునికి 2010లో యావజ్జీవ శిక్ష పడినది. 2017లో హైకోర్టు అతనిని నిర్దోషియని విడిచిపెట్టినది. యావజ్జీవము గనుక అతడు ఇంటికి రాగలిగాడు.

క్రీస్తు శకము 200 ప్రాంతపు మిష్నాలో మక్కోత్ భాగము ఒక చర్చను భద్రపరచినది. ఏడేండ్లకు ఒకనిని చంపించు సన్‌హెద్రిన్‌ను నాశనకరమైనదని పిలిచేవారట. డెబ్బది ఏండ్లకు ఒకడైనను అంతేనని ఒక రబ్బీ అన్నాడు. తాము సభలో ఉంటే ఎవడును చంపబడడని రబ్బీ తర్ఫోన్, రబ్బీ అకీబా అన్నారు. అట్లయితే రక్తము చిందించువారు పెరుగుదురని షిమ్యోను బెన్ గమలీయేలు బదులిచ్చాడు. ధర్మశాస్త్రమును ప్రాణముగా ఎంచినవారే దానిని ఎంత భయముతో పట్టుకొన్నారో గమనించవలెను. చివరి అభ్యంతరమును కూడ వారు చెరిపివేయక వ్రాసి ఉంచారు.

అగస్టీన్ వ్రాసిన లేఖ

సంఘమే బాధితురాలైనప్పుడు ఏమి పలుకవలెనో చూపు మాదిరి మనకు పాతదే ఉన్నది. 412 ప్రాంతమున ఉత్తర ఆఫ్రికాలో దొనాతిస్టుల పక్షమువారు రెస్తితూతు అను ప్రెస్బితరును చంపారు. ఇన్నొకెంతియు అను మరియొక ప్రెస్బితరు కన్ను పెరికి, వ్రేలు నరికారు. నిందితులు ఒప్పుకొన్నారు. విచారణాధికారి మార్సెల్లినస్ క్రైస్తవుడు, అగస్టీన్‌కు స్నేహితుడు. 'దేవుని పట్టణము' గ్రంథమును అగస్టీన్ అతనికే అంకితమిచ్చాడు. శిక్ష నిర్ణయము కాకముందే హిప్పో బిషప్పు అతనికి లేఖ వ్రాశాడు. అది నేడు 133వ లేఖ. ప్రాంతాధిపతియు మార్సెల్లినస్ సహోదరుడునైన అప్రింగియునకు కూడ 134వ లేఖ వ్రాశాడు.

ఆ లేఖలలో మేము గమనించినది, అగస్టీన్ 'మేము క్షమించాము, వీరిని విడిచిపెట్టుము' అని వ్రాయలేదు. నేరము నేరమేయని చెప్పాడు. దుర్మార్గము చేయు స్వేచ్ఛను వారి నుండి తీసివేయుమన్నాడు. వారిని ఏదైనా ప్రయోజనకరమైన పనిలో పెట్టుమన్నాడు. వద్దన్నది ఒక్కటే: వారు చేసినదే వారికి చేయుట. దేవుని సేవకుల శ్రమలకు బదులుగా శత్రువుల రక్తము చిందరాదని అతని విన్నపము. చనిపోయినవానిని తక్కువ చేయలేదు, అతని మరణము యొక్క ఘనతనే కారణముగా చూపాడు. మనోహర్‌పూర్ విషయములో మనము న్యాయస్థానమునకు చెప్పవలసియుండి చెప్పని మాట ఇదేనని మా నమ్మకము. అట్టి విన్నపమును సంఘము తానే ముందుగా వినిపించియుంటే, శిక్ష తగ్గించుటకు హతుని మతకార్యములలో కారణము వెదకవలసిన పని ఎవరికిని ఉండేది కాదు.

అగస్టీన్‌ను పీఠమెక్కించుట మా ఉద్దేశ్యము కాదు. ఒప్పుకోలు రాబట్టుటకు చిత్రహింసలకు బదులు బెత్తములు వాడినందుకు ఈ లేఖలోనే మార్సెల్లినస్‌ను మెచ్చుకొన్నాడు. నేటి పోలీసు స్టేషన్లను ఎరిగినవారికి ఆ మెప్పు మ్రింగుడుపడదు. దొనాతిస్టులను బలవంతముగా సంఘములో చేర్చుటను సమర్థించినవాడు కూడ ఇతడే. ప్రభుత్వమునకు చంపు అధికారము అసలే లేదని అతడు ఎన్నడును అనలేదు. కాల్విన్ నాటి జెనీవాలో 1553లో సెర్వేటస్‌ను కాల్చినప్పుడు సంఘము ఈ లేఖను ఎంతగా మరచిపోయినదో చరిత్ర చూపుచున్నది. ఇక మార్సెల్లినస్ సంగతి: మరుసటి ఏడు, 413 సెప్టెంబరులో, ఒక తిరుగుబాటులో పాలుపంచుకొన్నాడను అనుమానముతో అతనిని, అతని సహోదరుని కార్తేజిలో శిరచ్ఛేదము చేయించారు. అతడు నిర్దోషియని అగస్టీన్ నమ్మాడు; ఆ శోకమును 151వ లేఖలో వ్రాసికొన్నాడు.

ఇప్పుడు మన ముందున్నది

మనోహర్‌పూర్ కథ 2011తో ముగియలేదు. యావజ్జీవ శిక్ష అనుభవించుచున్న సహదోషి సత్ప్రవర్తన కారణముగా 2025 ఏప్రిల్‌లో కియోంఝర్ జైలు నుండి విడుదలయ్యాడు. దారాసింగ్ కూడ విడుదల కోరుచు సుప్రీం కోర్టును ఆశ్రయించగా, 2024లో న్యాయస్థానము ఒడిశా ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చినది. మరణశిక్షను వ్యతిరేకించిన సంఘము ఇప్పుడు ఇబ్బందిలో పడినది. ఉరి వద్దన్నాము గదా, విడుదలను కూడ అంగీకరించవలెనా?

అవసరము లేదని మా జవాబు. ఉరి వద్దనుటకు మేము చూపిన కారణములు మూడు: న్యాయము అందరికి సమానముగా అందకపోవుట, పొరపాటును దిద్దుకొను దారి మూసివేయుట, సంఘము తన మృతుల పేరిట రక్తము కోరకుండుట. ఇవేవియు జైలు తలుపు ఎప్పుడు తెరువవలెనో చెప్పవు. అది పశ్చాత్తాపము, ఇతరుల భద్రత, చట్టము అందరికి ఒకే రీతిగా వర్తించుట అనువాటిని బట్టి తేలవలసినది. సత్ప్రవర్తన గల ఏ ఖైదీకైనను వర్తించు నియమము వీరికి వర్తించినచో మనము అడ్డుపడరాదు. దోషిని వీరునిగా చేసి పూలదండలు వేయుట కొరకు ఆ నియమమును వంచినచో మౌనముగా ఉండరాదు.

ఒడిశాలోని సంఘ నాయకులు ఈ విషయమై ప్రభుత్వమునకు విన్నపము పంపదలచినయెడల, దానిలో శిక్ష గూర్చిన వాదన కంటె ముందు ఒక కోరిక ఉండవలెనని మేము సూచిస్తాము. విడుదల ఇచ్చినను, నిరాకరించినను, ఆ ఉత్తర్వులో గ్రాహమ్, ఫిలిప్, తిమోతి అను మూడు పేర్లు, ఆ పిల్లల వయస్సులతో సహా, వ్రాయబడవలెను. వారు చేసిన ఏ పనియు వారి మరణమునకు కారణముగా ఎక్కడను పేర్కొనబడరాదు.